పాత పోలీస్ కారు కొన్నా! టెక్సస్‌లో నడపొచ్చా? | 2000 క్రౌన్ విక్టోరియా రివ్యూ

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు. ముందు ఈ వెనక డోర్ చూడండి, లోపల హ్యాండిల్ లాగుతున్నా... లాగుతున్నా... రాదు. పోలీస్ కారు కదా, వెనక కూర్చున్నోడు వాడంతట వాడు దిగకూడదు. పోయిన నెల నాన్న ఇండియా నుంచి వస్తే ఎయిర్‌పోర్ట్ నుంచి ఇందులోనే తీసుకొచ్చా, ఇంటి దగ్గర నేను సూట్‌కేసులు దించే హడావిడిలో ఉంటే ఆయన లోపల హ్యాండిల్‌తో కుస్తీ పట్టీ పట్టీ చివరికి అద్దం కొట్టి "ఒరేయ్, నేనేం నేరం చేశాన్రా" అన్నాడు. డోర్ ప్యానెల్ విప్పి లోపల రాడ్ మళ్ళీ తగిలిస్తే మామూలుగా తెరుచుకుంటుంది, ఒక సైడ్ చేశా, ఇది ఇంకా ఉంది.

సరే, ఇది 2000 మోడల్ ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా పోలీస్ ఇంటర్‌సెప్టర్. ఒరిజినల్ పోలీస్ వెర్షనో కాదో తెలియాలంటే విన్ నంబర్‌లో, అంటే బండి గుర్తింపు నంబర్‌లో, పీ71 అని ఉందా చూడండి. దీన్ని నేను వింటేజ్ బండి అంటా. "వింటేజ్ ఏంటి అన్నా, మా ఊళ్ళో అంబాసిడర్ ఇంతకంటే పాతది" అని కామెంట్ పెట్టేవాళ్ళు ఎలాగూ పెడతారు. నిజమే, ఇండియాలో 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అనాలంటే 50 ఏళ్ళు దాటాలి, ఇక్కడ టెక్సస్‌లో 25 నిండితే చాలు, యాంటిక్ అని పాత బండ్ల నంబర్ ప్లేట్ ఇచ్చేస్తారు. కానీ యాంటిక్ ప్లేట్ పెడితే షోలకి, పరేడ్లకి, క్లబ్ పనులకే తిప్పాలి, రోజూ ఆఫీసుకి కుదరదు. అందుకే నేను అది తీసుకోకుండా క్లాసిక్ ప్లేట్ తీసుకున్నా, దానికీ 25 ఏళ్ళు నిండాలి కానీ రోజూ నడపొచ్చు. పాతదైతే ఇంకో సుఖం, డల్లాస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్, అదే పొగ పరీక్ష, 24 ఏళ్ళ వరకే, సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ అయితే 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఎత్తేశారు.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఇది లీగలేనా? లీగలే. డిపార్ట్‌మెంట్లు వేలం వేస్తాయి, ఎవరైనా పాడుకోవచ్చు. టెక్సస్‌లో అమ్మేముందే లైట్లు, స్టిక్కర్లు, జనం చూసి పోలీసే అనుకునే సరంజామా అంతా పీకేసి ఇవ్వాలని చట్టం. నాది మూడో చేతి బండి, 4500 డాలర్లు పెట్టా. ఈ స్పాట్‌లైట్ చూశారా, డ్రైవర్ సైడ్ అద్దం పక్కన, లోపల పిడి తిప్పితే తిరుగుద్ది... ఇది ఉంచుకోవచ్చు, బండికి రెండు దాకా ఓకే, కాకపోతే ఎదుటోడి అద్దం మీదకి కొట్టకూడదు. ముందుకి ఎరుపు, నీలం లైట్లు, సైరన్ మాత్రం కుదరదు.

రాష్ట్రం మారితే రూలూ మారుద్ది. కాలిఫోర్నియాలో పోలీసు బండిలా బ్లాక్ అండ్ వైట్ పెయింట్ వేసుకోవడమే నేరం, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప. ఫ్లోరిడాలో టైటిల్, అంటే బండి ఓనర్‌షిప్ కాగితం, మీదే ఇది పాత పోలీస్ బండి అని రాసి ఇస్తారు. నాది మొత్తం తెలుపు కాబట్టి ఆ గొడవ లేదు, అయినా ఎండలో ఇలా పక్క నుంచి చూడండి, కెమెరాలో కనిపిస్తుందో లేదో... డోర్ మీద పాత అక్షరాల నీడ ఉంది. స్టిక్కర్ ఉన్నచోట పెయింట్ వెలవలేదు, చుట్టూ వెలిసింది. రెండు వీకెండ్లు పాలిష్ కొట్టినా ఇంకా మిగిలింది.

ఇప్పుడు రోడ్డెక్కాం, చూస్తున్నారుగా, ముందున్నోడు గంటకి 80 మైళ్ళలో పోతున్నోడు మిర్రర్‌లో నన్ను చూసి 65కి దిగాడు, ఆ పికప్ వాడు లేన్ ఇచ్చేశాడు. నేనేం చేయలేదండీ, నా మానాన నేను పోతున్నా. నిజం చెప్పాలంటే మొదటి వారం ఇది మహా మజాగా ఉంటుంది, ఆ తర్వాతే డేంజర్, ఎందుకంటే చెయ్యి ఊరుకోదు, ఒకసారి హైబీమ్ కొడదామా, స్పాట్‌లైట్ వేద్దామా అనిపిస్తుంది. పోలీస్‌లా నటించి ఎవడినైనా పక్కకి ఆపావంటే టెక్సస్‌లో థర్డ్ డిగ్రీ ఫెలొనీ అనే పెద్ద నేరం, 2 నుంచి 10 ఏళ్ళ జైలు, పైన 10,000 డాలర్ల దాకా ఫైన్. మనలో హెచ్‌వన్‌బీ మీద ఉన్నోళ్ళు, గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డోళ్ళు ఎంతమంది... సరదాకి చేసిన పనికి కేసు పడితే జడ్జి దగ్గర అయిపోదు, ఇమిగ్రేషన్ దగ్గర మళ్ళీ మొదలవుద్ది. అందుకే నేను కొనగానే స్పాట్‌లైట్ ఫ్యూజ్ పీకి డ్రాయర్‌లో పడేశా. లీగలే, అయినా పీకేశా.

నడపడం ఎలా ఉందంటే, పడవండీ. 4.6 లీటర్ వీ8, లారీలాగా ఫ్రేమ్ మీద కూర్చోబెట్టిన బాడీ, గేర్ స్టీరింగ్ పక్కనే. స్టీరింగ్‌లో మధ్యలో కొంచెం లూజు తెలుస్తుంది, 2003లో కొత్త ఫ్రేమ్‌తో పాటు ర్యాక్ అండ్ పినియన్ అనే ఇంకో రకం స్టీరింగ్ వచ్చింది, మీకు డ్రైవింగ్ ముఖ్యమైతే ఆ తర్వాతవే చూడండి. ఇంజిన్ వెనక చక్రాల్నే తిప్పే బండి కాబట్టి వానలో సిగ్నల్ దగ్గర గట్టిగా తొక్కితే తోక ఊపుద్ది. పెట్రోలు సిటీలో నాకు గాలన్‌కి 15 మైళ్ళు వస్తుంది, ఆ మాట ఇంట్లో చెప్పలేదు. డిక్కీ మాత్రం 20.6 క్యూబిక్ ఫీట్, నాన్న తెచ్చిన నాలుగు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ డబ్బాల అట్టపెట్టె, అన్నీ పట్టాయి.

కొనేముందు చూడాల్సినవి చెప్తా. 1996 నుంచి 2001 దాకా వీటికి ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లోకి గాలి పంపే భాగం, ఉండేది, అది ముందు వైపు పగిలి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారుద్ది, దాని మీద ఓనర్లందరి తరఫున క్లాస్ యాక్షన్ కేసు కూడా నడిచింది. ముందు భాగం అల్యూమినియంతో ఉన్న కొత్తది వేశారా లేదా బానెట్ ఎత్తి చూడండి, నాకు అమ్మినాయన ముందే వేయించాడు, బతికిపోయా. తిరిగిన మైళ్ళు చూసి మోసపోవద్దు, ఈ బండ్లు రోడ్డు పక్కన గంటలు గంటలు ఇంజిన్ ఆన్‌లోనే నిలబడి ఉంటాయి, మీటర్‌లో ఆ గంటలు ఎక్కవు. పెట్రోలు ట్యాంకు వెనక చక్రాల యాక్సిల్‌కి అవతల ఉంటుంది, వెనక నుంచి గుద్దినప్పుడు మంటలు వచ్చిన కేసులున్నాయి, 2002లో ఫోర్డ్ దానికి షీల్డులు ఇచ్చింది, మీ బండికి ఉన్నాయో లేవో కింద దూరి చూడాల్సిందే. టాప్ మీద లైట్‌బార్ బిగించిన బెజ్జాలు రబ్బరు బిళ్ళలతో మూసి ఉంటాయి, వానొస్తే సీలింగ్ తడిసిందా చూసుకోండి.

అన్నిటికంటే నాకు నవ్వొచ్చింది తాళంచెవి. డిపార్ట్‌మెంట్లు చాలావరకు బండ్లన్నిటికీ ఒకే తాళం పెట్టించుకునేవి, ఆ కీ ఆన్‌లైన్‌లో పది పదిహేను డాలర్లకి దొరుకుద్ది. అంటే నా పోలీస్ కారుని దొంగ ఎవడైనా మర్యాదగా తాళం తీసి తీసుకుపోవచ్చు. మొదటి వారమే లాక్ మార్పించా.

రోజూ తిరగడానికి ఒకటే కారు కావాలంటే ఇది వద్దు, టొయోటా క్యామ్రీ కొనుక్కోండి. ఇంట్లో ఒక బండి ఉండి, వీకెండ్ రిపేర్లు చేసుకునే ఓపిక ఉంటే మాత్రం ఈ డబ్బుకి ఇంత వీ8 ఇంకోటి నాకైతే కనపడలేదు. వీటి తయారీ కూడా కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో 2011 సెప్టెంబర్ 15తో ఆగిపోయింది. ఆ రెండో డోర్ రాడ్ రేపు బిగిస్తా, ఈలోపు నాన్న ముందు సీట్లో తప్ప ఎక్కనంటున్నాడు.