బీరువాలో దాచేసిన ఎఫ్ఐఆర్

పెద్దలకు, అమ్మలకు, డ్రైవర్ అన్నలకు నమస్కారం.

హైవే పక్కన బతికే మనకు అలవాటైపోయిన మాట ఒకటుంది: ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని మృతి’. పేపర్లో అదే, ఎఫ్ఐఆర్‌లోనూ అదే. అది చూడగానే ఇంటివాళ్లు, బండే దొరకలేదు, ఇంకెవర్ని అడుగుతాం అనుకుంటారు. దినాలయ్యాక ఆ కాగితాలు బీరువాలోకి వెళ్లిపోతాయి. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

బండి దొరక్కపోయినా పరిహారం వస్తుంది. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్‌లో ఉంది. మనిషి పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇది 25 వేలు, 12,500 మాత్రమే. ప్రాణానికి 2 లక్షలేమిటని నా మనసూ ఒప్పుకోదు. కానీ సంపాదించే మనిషి పోయిన ఇంట్లో పిల్లల ఫీజులు ఆగవు కదా, వదులుకోకండి.

దీనికి కోర్టుకు వెళ్లక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోట ఉండే ఆర్డీవోకో తహసీల్దారుకో దరఖాస్తు ఇవ్వాలి. మీ సొంతూరి ఆఫీసులో కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు లేదా గాయాల సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్కు జత చేయండి. విచారణ తర్వాత కలెక్టర్ మంజూరు చేస్తారు. నెలలోగా బండి ఆచూకీ తెలియకపోతే ఈ పరిహారం గురించి పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కాగితం రాకపోతే స్టేషన్‌కి వెళ్లి అడగండి.

తర్వాతెప్పుడైనా బండి దొరికితే, రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో పూర్తి పరిహారం అడగొచ్చు. అప్పుడు ముందు తీసుకున్నది మినహాయిస్తారు. అందుకే మొదటి రోజుల్లోనే టోల్‌గేటు, పెట్రోల్ బంకు, దాబాల సీసీ కెమెరాలు చూడమని పోలీసుల్ని గట్టిగా అడగండి. పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది.

డ్రైవర్ అన్నలూ, మీ భయం నాకు తెలుసు. ఆగితే జనం కొడతారు. ఆ సంగతి చట్టానికీ తెలుసు. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలని 134వ సెక్షన్ చెబుతూనే, జనం ఆగ్రహం వల్ల వీలుకాని పరిస్థితికి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ప్రాణభయం ఉంటే 108కి ఫోన్ చేసి నేరుగా స్టేషన్‌కి వెళ్లండి. అలా వెళ్లడం పారిపోవడం కాదు. పోలీసులకు చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల దాకా జైలన్న కొత్త సెక్షన్ మీద 2024 జనవరిలో మీరు సమ్మె చేశారు, బంకుల దగ్గర బారులు తీరాం. ఆ జూలైలో ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా, అందులోని ఆ సెక్షన్ 106(2)ను మాత్రం అమల్లోకి తేలేదు. అలాగని ధీమాగా ఉండకండి. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే 106(1) కింద 5 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు.

చూసినవాళ్లకు ఒక్క మాట. గాయపడ్డవాళ్లను ఆసుపత్రిలో చేర్చినందుకు మీ మీద కేసు రాదు. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు కూడా.

దరఖాస్తు ఫారాలు ఆ బల్ల మీద పెట్టాను. 2022 ఏప్రిల్ తర్వాతి ఎఫ్ఐఆర్ మీ వీధిలో ఎవరి బీరువాలోనైనా ఉంటే, వాళ్లను ఈ సాయంత్రమే నా దగ్గరకు తీసుకురండి.