చార్మినార్ తర్వాత చూడొచ్చు, ముందు పురానాపూల్‌కి పదండి

చుట్టాలొచ్చారంటే మన హైదరాబాద్ టూర్ ముందే ఫిక్స్. పొద్దున చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజులు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గోల్కొండ, ఇంకా ఓపికుంటే ట్యాంక్‌బండ్. మధ్యలో కారు మూసీ నది మీదున్న నయాపూల్ వంతెన దాటుతుంది. అప్పుడు అందరూ ఒకటే పని చేస్తారు. అద్దాలు పైకెత్తి ముక్కు మూసుకుంటారు.

నాకు చిరాకు అక్కడే మొదలవుతుంది. వంతెన దాటిన ఆ నిమిషంలో సగం హైదరాబాద్ వెనకబడిపోయింది! సాయంత్రం అదే చుట్టాలు "చార్మినార్ తప్ప మీ ఊళ్లో ఏముంది?" అంటారు. విజయవాడ అంటే కృష్ణ గుర్తొస్తుంది, రాజమండ్రి అంటే గోదావరి గుర్తొస్తుంది. ఇక్కడ ఓ నది ఉందని, ఊరు పుట్టిందే దాని ఒడ్డున అని ఎవరికీ తట్టదు.

ఒక పాతకాలం ఇల్లు అనుకోండి. ముందు వాకిలి, గడప, లోపల హాలు, పైన డాబా, వెనకాల పెరడు. గిన్నెలు కడిగిన నీళ్లు పోయేది పెరట్లోకి. హైదరాబాద్‌కి మూసీ వాకిలి. మనం దాన్ని పెరడు చేసి పెట్టాం. వచ్చిన చుట్టాల్ని వాకిలి చూడనివ్వకుండా నేరుగా హాల్లోకి, అంటే చార్మినార్ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెడుతున్నాం. ఈ వీడియోలో వాకిట్లోంచి వెళ్దాం.

[స్క్రీన్ మీద: మ్యాప్. పడమర గోల్కొండ, తూర్పున చాదర్‌ఘాట్]

మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. లంగర్‌హౌస్ దగ్గర బాపూఘాట్‌లో ఈసీ నది వచ్చి కలుస్తుంది. 1948లో గాంధీజీ చితాభస్మం కలిపింది ఆ సంగమంలోనే. అక్కణ్నుంచి నది తూర్పుకి, ఊరి మధ్యలోకి వస్తుంది.

గోల్కొండ ఉన్నది నదికి ఉత్తరం వైపు, నల్లరాతి గుట్ట మీద. కోట లోపల జనం పెరిగిపోయారు, నీళ్లకు ఇబ్బంది. ఊరు బయటికి రావాలి. బయటికి రావాలంటే నది దాటాలి. అందుకని 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెనే పురానాపూల్. చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. మన ఇంటికి గడప ఇదే.

ఇక్కడ ఒక కథ చెప్తారు. యువరాజు మహమ్మద్ కులీ, తన ప్రేయసి భాగమతిని కలవడానికి వరదలో గుర్రం మీద నది దాటాడట, తండ్రి భయపడి వంతెన కట్టించాడట. వినడానికి బాగుంటుంది. కానీ 1578 నాటికి ఆ యువరాజుకి పదమూడేళ్లు నిండీ నిండని వయసు! ప్రేమ కోసం అంటే టికెట్లు తెగుతాయి, సరుకు బండ్ల కోసం అంటే ఎవరు వింటారు? అసలు సంగతి మాత్రం బండ్లే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి ఈ వంతెన మీదుగానే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించింది కూడా ఆ దారి మీద, నాలుగు రోడ్ల కూడలిలోనే.

ఇప్పుడు పురానాపూల్ ఎక్కితే వంతెన మీద ఉన్నట్టే తెలియదు. కూరగాయల బండ్లు, కింద పరిచిన గోనెసంచుల మీద ఆకుకూరలు, తక్కెళ్లు, బేరాలు. పిట్టగోడ దాకా వెళ్లి కిందికి తొంగి చూస్తే అప్పుడు కనిపిస్తాయి రాతి కమాన్లు, వాటి కింద నల్లటి నీళ్లు. దక్షిణం కొసన పురానాపూల్ దర్వాజా ఉంటుంది. అప్పట్లో ఊరి గోడకు 13 దర్వాజాలు. మిగిలినవి రెండు: ఇదొకటి, దబీర్‌పురాది ఒకటి.

గోల్కొండ నుంచి ఈ గడప దాకా ఉన్న పేట కార్వాన్. "గోల్కొండలో వజ్రాలు తవ్వేవారు" అనేవాళ్లతో నాకు ఇంకో పేచీ. తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. ఇక్కడ జరిగింది వ్యాపారం. ఆ సొమ్ము కళ ఎలా ఉండేదో చూడాలంటే కార్వాన్‌లోనే టోలీ మసీదు ఉంది, 1671 నాటిది. సున్నం పనితనం దగ్గరికెళ్లి చూడండి. తొందరపడకండి, అక్కడ రద్దీ ఉండదు.

సరే, అసలు విషయానికొద్దాం. 1908 సెప్టెంబర్ 28.

గడప ఎత్తు ఎంతున్నా వాకిట్లోకి ఏరే వస్తే ఏం చేస్తాం? ఆ రోజు మూసీ ఊళ్లోకి వచ్చేసింది. పదిహేను వేల మంది పోయారని అంచనా. మిగతా వంతెనలు కొట్టుకుపోయాయి, నిలబడింది మన పురానాపూల్. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. నూట యాభై మంది దాని కొమ్మలెక్కి బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. కింద రోగుల బంధువులు కూర్చుని ఉంటారు. ఇంతకంటే పెద్ద స్మారకం ఈ ఊళ్లో నాకు తెలిసి లేదు, అయినా ఏ టూర్ ప్యాకేజీలోనూ దీని పేరుండదు.

మరుసటి ఏడాది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చెప్పింది ఒకటే: నీళ్లు వాకిట్లోకి వచ్చాక తోడటం కాదు, వీధి చివరే గేటు పెట్టండి. ఆ గేట్లే మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీ మీద 1927 నాటి హిమాయత్‌సాగర్. మనం తాగే నీళ్ల చెరువులుగా తెలిసినవి నిజానికి వరద కోసం పుట్టాయి. గేట్లు ఉన్నంత మాత్రాన నది ఊరుకోదు లెండి. 2025 సెప్టెంబర్ చివర్లో వాటి నుంచి నీళ్లు వదిలితే ఎంజీబీఎస్ బస్టాండ్ మునిగింది. నది మధ్యలో బస్టాండ్ కట్టుకుంటే ఇంకేమవుతుంది?

వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఒడ్డును శుభ్రం చేసి, ఊరికి చూపించుకోదగ్గ భవనాలన్నీ అక్కడే కట్టారు. వాకిట్లో ముగ్గు పెట్టినట్టన్నమాట! నయాపూల్ మీద ఆగి పడమటి వైపు చూడండి. ఎడమ ఒడ్డున గులాబీ రంగు గుమ్మటాలతో హైకోర్టు, 1920లో తెరిచారు. కుడి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం. కోర్టుకు పక్కనే సిటీ కాలేజీ. వంతెనకి ఇవతల సాలార్‌జంగ్ మ్యూజియం. మీరు ముక్కు మూసుకునే చోటు ఇదే. ఒక్క చెయ్యి ముక్కు మీదే ఉంచుకోండి, కళ్లు మాత్రం తెరవండి.

ఇంకాస్త ముందుకెళ్తే చాదర్‌ఘాట్, ఉత్తరం ఒడ్డున కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ. తర్వాత చాలా ఏళ్లు ఉమెన్స్ కాలేజీగా నడిచింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. దాని కథకే ఒక వీడియో పడుతుంది.

[స్క్రీన్ మీద: గుట్టలు]

టైమ్ అయిపోతోంది, మన ఇంటి డాబా, అంటే ఊరి గుట్టల సంగతి గబగబా చెప్పేస్తా. ఈ ఊరి బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గోల్కొండలో గోడ కట్టేటప్పుడు అడ్డొచ్చిన బండను పగలగొట్టలేదు, గోడలోనే కలిపేసుకున్నారు. అందరూ కింద చప్పట్లు కొట్టి పైన వినిపించిందా అని అరుస్తారు, పక్కనే ఉన్న ఈ పనితనం చూడరు. నౌబత్ పహాడ్ పక్క గుట్ట మీద 1976 నాటి బిర్లా మందిర్. అక్కణ్నుంచి హుస్సేన్‌సాగర్ మొత్తం కనిపిస్తుంది. దక్షిణాన గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్, ఇప్పుడు హోటల్, కాబట్టి జేబు చూసుకుని వెళ్లండి. జేబు వద్దన్నవాళ్లకు మౌలాలి గుట్ట. మెట్లెక్కితే పైన దర్గా, చుట్టూ ఊరు. గుట్ట కింద కవయిత్రి మాహ్ లఖా బాయి సమాధి. నా ఓటు మౌలాలికే.

ఇక వెళ్లేవాళ్లకు: పురానాపూల్‌కి పొద్దున్నే పోండి, ఎండెక్కితే వాసనా ఎక్కుతుంది. అక్కణ్నుంచి నయాపూల్ సుమారు రెండు కిలోమీటర్లు, నడవలేనివాళ్లు ఆటో మాట్లాడుకోండి. ఆసుపత్రిలో చింతచెట్టు దగ్గరికి వెళ్తే రోగుల మొహాల మీదకి ఫోన్ పెట్టకండి. శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు, ఆ రోజు పోయి నన్ను తిట్టుకోవద్దు.