రెండు వానల మధ్య డాబా మరమ్మతు

శ్రోతలకు నమస్కారం. డాబా కారుతోందని తెలిసేది వానల్లోనే. దాన్ని బాగుచేయడానికి వీలు చిక్కనిదీ అప్పుడే. అలాగని పనిని పూర్తిగా వాయిదా వేయనక్కర్లేదు. ఏ పని తడిలో చేయవచ్చో, ఏది ఆరాకే చేయాలో తెలిస్తే చాలు.

గదిలో చెమ్మ మరక కనిపించగానే, సరిగ్గా దాని పైభాగంలోనే పగులు వెతుకుతాం. కానీ నీళ్లు నిట్టనిలువునా దిగవు. స్లాబులో వేసిన కరెంటు పైపుల వెంట పాకి, ఎక్కడో దూరంగా బయటపడతాయి. కాబట్టి నీళ్లు కట్టి చూడాలి. తూముకు గుడ్డ కుక్కి, ఇసుక మూటలు అడ్డం పెట్టి, డాబాలో ఒక్కో భాగాన 25 మిల్లీమీటర్ల లోతున 24 గంటలు నీళ్లు నిలపండి. అంటే చదరపు మీటరుకు 25 కిలోల బరువు. కింద పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడి ఉంటే మాత్రం నీళ్లు కట్టకండి, ముందు ఇంజనీరుకు చూపించండి. దోషం చాలాసార్లు డాబా మధ్యలో ఉండదు. పిట్టగోడ మొదట్లో, తూము చుట్టూ, రెయిలింగు కాళ్ల దగ్గర, పైపులు స్లాబును దాటే చోట దొరుకుతుంది.

ఇక పగలగొట్టడం. టైల్స్‌ను కర్రతో తట్టి చూసి, డొల్లగా మోగినవాటిని తీసేయాలి. కూలీలు దొరికారు కదా అని డాబా మొత్తం ఒకేసారి విప్పేస్తే, ఆ రాత్రి పడే వానంతా స్లాబులోకే. ఏ రోజు మూయగలిగినంత ఆ రోజు విప్పండి.

పగుళ్లను ఉలితో ఇంగ్లిషు 'వి' ఆకారంలో సుమారు 10 మిల్లీమీటర్ల లోతున తెరిచి, దుమ్ము పోయేలా బ్రష్‌తో రుద్ది, పాలిమర్ (జిగురు లాంటి ద్రవం) కలిపిన సిమెంటుతో నింపాలి. ఎండకూ చలికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పగులులో సిమెంటు నిలవదు. అక్కడ సాగే గుణమున్న పాలీయురెథేన్ సీలెంట్, అంటే పగుళ్లు పూడ్చే రబ్బరు లాంటి ముద్ద, కావాలి. పిట్టగోడ, నేల కలిసే మూల నిక్కచ్చిగా లంబకోణంలో ఉంటే, నీళ్లు దిగకుండా తర్వాత పైన వేసే పూత అక్కడే చిట్లుతుంది. 50 మిల్లీమీటర్ల మేర సిమెంటుతో ఆ మూలను గుండ్రంగా మలచాలి. తూము వైపు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం, అంటే వాలు, ఉండాలి. వాటం లేని డాబాకు ఎంత ఖరీదైన పూత వేసినా డబ్బు దండగే.

ముసురు రోజుల్లో అసలు నిర్ణయం పూత ఎంపిక. పొడి, ద్రవం కలిపి వేసే సిమెంటు పాలిమర్ పూతకు తడిసిన స్లాబు ఫరవాలేదు, పైన నీరు నిలిచి ఉండకపోతే చాలు. పాలీయురెథేన్ పూతలు చాలావాటికి స్లాబు లోపలా ఆరి ఉండాలి. లేకపోతే చిక్కుకున్న చెమ్మ ఎండకు ఆవిరై పూతను బుడగలుగా లేపుతుంది. పైకి తెల్లగా ఆరినట్టు కనిపించడం నమ్మదగ్గ గుర్తు కాదు. అరమీటరు ప్లాస్టిక్ షీటు పరచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి, 16 గంటల తర్వాత ఎత్తి చూడండి. కింద తేమ పడితే ఇంకా ఆగాలి.

పూత రెండు కోట్లు, ఒకటి అడ్డంగా, మరొకటి నిలువుగా వేయాలి. గోడ మీదికి 30 సెంటీమీటర్లు ఎక్కించి, తూము గొట్టం లోపలికీ దించాలి. మూలల్లో మొదటి కోటు పచ్చిగా ఉండగానే ఫైబర్ వల అద్దాలి. వాన ముంచుకొస్తే టార్పాలిన్‌ను పూత మీదే పరచకండి, అంటుకుపోతుంది. తాడు కట్టి పందిరిలా ఎత్తి కప్పండి. చినుకులకు గుంటలు పడినా పూత గట్టిగా పట్టుకుని ఉంటే, ఆరాక మరో కోటు వేయవచ్చు. పాలలా కొట్టుకుపోయిన చోట మాత్రం పూర్తిగా గీకేయాలి. అలాంటి పూత మీద కొత్త కోటు నిలవదు.

వారం ఆగి, మళ్లీ నీళ్లు కట్టి చూసి, కింద చెమ్మ లేదని తేలాకే పైన 40 మిల్లీమీటర్ల సిమెంటు కాంక్రీటు పొర వేయించండి. దానికి మొదటి 24 గంటలు వాన తగలనివ్వకండి, సిమెంటు పాలు కొట్టుకుపోతాయి. ఆ తర్వాత పడే జల్లు మేలే చేస్తుంది, ఎలాగూ ఏడు రోజులు తడపాల్సిందే.