కొత్త మేనేజర్ వచ్చాక పాతాయన పాట పాడొచ్చా?

(విజయనగరం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: బడిపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి రిటైరైన పీఈటీ మాస్టారు, పట్టణంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న లివర్‌పూల్ అభిమాని, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి శ్రీకాకుళం తిరిగొచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని.)

సంచాలకురాలు: నమస్కారం. ఆటగాడు క్లబ్ మారితే అభిమానులు కొన్నాళ్లు బాధపడతారు, తర్వాత ఆ నంబరు జెర్సీ వేసుకున్న ఇంకొకరిని ఇష్టపడతారు. మేనేజర్, అంటే జట్టుని నడిపించే పెద్ద కోచ్, వెళ్లిపోతే మాత్రం ఏళ్లు గడిచినా స్టేడియంలో ఆయన పేరు మోగుతూనే ఉంటుంది. కొత్తాయన కప్పు తెచ్చినా సరే. ఎందుకిలా? దీనివల్ల క్లబ్‌కి మేలా, చేటా? ముందు మీరు చెప్పండి. లివర్‌పూల్ మేనేజర్‌గా ఉన్న యుర్గన్ క్లాప్ వెళ్లిపోయినా మీ ఫోన్ తెరమీద ఇంకా ఆయన ఫొటోయే ఉందట?

లివర్‌పూల్ అభిమాని: ఉందండి. తీసేయాలని ఎప్పుడూ అనిపించలేదు. 2024 జనవరి 26న చెప్పారు ఆయన. మనకి రిపబ్లిక్ డే సెలవు. సాయంత్రం నాలుగు దాటాక వీడియో వచ్చింది. సీజన్ అవగానే వెళ్లిపోతున్నాను, నాలో శక్తి అయిపోతోంది అన్నారు. మా గ్రూపులో చాలామంది అది ఫేక్ వీడియో అనుకున్నారు. జట్టు అప్పటికి లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది మరి.

సంచాలకురాలు: గెలిపించాడు కాబట్టే అంత ప్రేమా?

లివర్‌పూల్ అభిమాని: గెలుపు ఒక భాగమే. ఛాంపియన్స్ లీగ్ 2019లో, ఇంగ్లండ్ లీగ్ 2020లో గెలిచాం. లీగ్ కోసం 30 ఏళ్లు ఆగాం. అది చిన్న విషయం కాదు. కానీ నేను మా స్టేడియం ఆన్‌ఫీల్డ్ చూడలేదు మేడమ్. ఆ గడ్డి, ఆ మెట్లు, ఆ వాన నాకు టీవీలోనే తెలుసు. ఆటగాళ్లా, వస్తుంటారు పోతుంటారు. కౌటిన్యో వెళ్లాడు, మానే వెళ్లాడు. మ్యాచ్ ముందు ప్రెస్‌మీట్‌లో, మ్యాచ్ అయ్యాక ఇంటర్వ్యూలో, వారం వారం ఒకే గొంతు వినిపించేది. 2015 అక్టోబర్‌లో వచ్చిన కొత్తలోనే, అనుమానించడం మాని నమ్మడం మొదలుపెట్టండి అన్నాడు. అది ఆటగాళ్లతో పాటు మాతో కూడా అన్న మాట. దూరాన ఉన్నవాడికి క్లబ్ అంటే ఆ గొంతే. ఆ గొంతు ఆగిపోతే క్లబ్ ఉన్నట్టే ఉంటుంది గానీ, మనతో మాట్లాడేవాళ్లు ఉండరు.

సంచాలకురాలు: ఒక్క రాత్రి చెప్పమంటే?

లివర్‌పూల్ అభిమాని: ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో బార్సిలోనాతో ఆడిన రాత్రే. 2019 మే 7 అంటారు గానీ, మనకి తేదీ మారిపోయి అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది. అక్కడ మొదటి మ్యాచ్ 3-0తో ఓడి వచ్చాం. సలా లేడు, ఫిర్మినో లేడు. మా నాన్న లేచి, ఓడిపోయే మ్యాచ్‌కి నిద్ర పాడుచేసుకోవడం ఎందుకురా అన్నారు. ఒరిగి రెండు గోల్స్, వైనాల్డమ్ రెండు. 4-0. రెండు మ్యాచ్‌లూ కలిపి 4-3తో మేమే గెలిచాం. నాలుగో గోల్‌కి నేను అరిస్తే పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. అలాంటి రాత్రి ఇచ్చిన మనిషిని, సీజన్ మారింది కదా అని పక్కన పెట్టగలమా?

మాస్టారు: పక్కన పెట్టమని ఎవరూ అనరు నాన్నా. నా బాధ వేరు. ఆ కుర్చీలో తర్వాత కూర్చునేవాడి సంగతి ఏటి? 2013 మేలో ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్ వదిలాడు. 26 ఏళ్లు పైగా ఉన్నాడు, 38 ట్రోఫీలు. మైదానంలో మైకు పట్టుకుని, కొత్త మేనేజర్‌కి అండగా నిలబడటమే ఇప్పుడు మీ పని అని జనానికి చెప్పాడు. అంతకన్నా ఏం చెప్పగలడు? కొత్తగా వచ్చిన మోయెస్‌కి ఆరేళ్ల ఒప్పందం రాశారు. స్టేడియంలో ఆయన బ్యానర్ కూడా కట్టారు. 2014 మార్చి చివర్లో విమానం తోకకి ఇంకో బ్యానర్ కట్టి, మోయెస్ పోవాలని ఆకాశంలో తిప్పారు. ఏప్రిల్‌లో తీసేశారు. ఆ సీజనంతా గోల్ పడితే కెమెరా స్టాండ్‌లో కూర్చున్న ఫెర్గూసన్ ముఖం మీదకి పోయేది. పెద్దాయన తప్పేమీ లేదు, ఆట చూడ్డానికి వచ్చాడంతే. అయినా అత్తగారు పక్కనే కూర్చుని ఉంటే కొత్త కోడలు పెట్టిన పులుసు ఎవరికి రుచిస్తుందమ్మా?

సంచాలకురాలు: అయితే పాతాయన కంటికి కనబడకుండా పోవాలంటారా?

మాస్టారు: ఎలా పోతాడన్నది చూడాలంటాను. అదే క్లబ్‌లో ముందు ఒకసారి ఇలాగే జరిగింది. 1969లో మాట్ బస్బీ మేనేజర్ పదవి వదిలాడు గానీ క్లబ్ వదల్లేదు. పైన ఇంకో పదవిలో ఉన్నాడు. కింద మెక్‌గిన్నెస్ అని 31 ఏళ్ల కుర్రాడిని పెట్టారు. తనతో కలిసి ఆడిన పెద్ద పెద్ద ఆటగాళ్లకి వాడు హుకుం చెయ్యాలి. వాళ్లేమో ఏ ఇబ్బంది వచ్చినా బస్బీ గది వైపు చూస్తారు. 1970 డిసెంబర్‌తో వాడి పని అయిపోయింది, బస్బీయే మళ్లీ దిగాడు.

లివర్‌పూల్ అభిమాని: మా క్లబ్‌లో పాత మేనేజర్ షాంక్లీ కథ ఇంకా బాధ పెడుతుంది మాస్టారూ. 1974 జూలైలో ఉన్నట్టుండి రాజీనామా చేశాడు. ఇంట్లో ఉండలేకపోయాడు. పొద్దున్నే ట్రైనింగ్ గ్రౌండ్‌కి వచ్చేసేవాడు. ఆటగాళ్లు ఆయన్నే బాస్ అని పిలిచేవారు. కొత్త మేనేజర్ బాబ్ పైస్లీ పక్కనే నిలబడి ఉండగా! చివరికి రావద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట షాంక్లీకి గుండెల్లో గుచ్చుకుంది. పక్క క్లబ్ ఎవర్టన్ వాళ్లు మాత్రం తమ గ్రౌండ్‌కి రానిచ్చారు. ఆ పైస్లీయే 9 ఏళ్లలో 6 లీగ్ టైటిళ్లు, 3 యూరోపియన్ కప్పులు గెలిచాడు. షాంక్లీ అన్ని గెలవలేదు. అయినా ఆన్‌ఫీల్డ్ దగ్గర విగ్రహం ముందు పెట్టింది షాంక్లీకే. జనాన్ని సంతోషపెట్టాడని దాని కింద రాశారు.

మాస్టారు: నిజమే. లెక్క ప్రకారం పైస్లీ ముందు ఉండాలి.

లివర్‌పూల్ అభిమాని: లెక్క వేరు మాస్టారూ. రెండో డివిజన్లో పడి ఉన్న క్లబ్‌ని చేతిలోకి తీసుకుని, మీరు చిన్నవాళ్లు కాదు అని ఊరికి చెప్పినవాడు షాంక్లీ.

సంచాలకురాలు: మీరు చాలాసేపటి నుంచి వింటున్నారు. మీ హైదరాబాద్ కోచ్‌గా ఉన్న మానోలో మార్కెజ్ గురించి చెప్పండి.

హైదరాబాద్ అభిమాని: వీళ్లకి మేనేజర్ వెళ్లినా క్లబ్ ఉంది. మాకు క్లబ్ కూడా లేదు మేడమ్. 2020లో మానోలో వచ్చేసరికి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఏడాది వయసు. అంతకుముందు సీజన్‌లో అట్టడుగున ఉన్నాం. ఆయన స్పెయిన్ నుంచి వచ్చి పేరున్న స్టార్ల కోసం చూడలేదు. ఆకాష్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లని ఆడించాడు. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ అభిమానులతో స్టేడియం అంతా పసుపు. మేం ఓడిపోతున్నాం. 88వ నిమిషంలో తవోరా కొట్టిన షాట్‌తో సమం. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ పేరున్న జట్టు దేశంలో ఛాంపియన్ అయింది. మరుసటి సీజన్‌లో గచ్చిబౌలిలో చూడ్డానికి వెళ్లేదాన్ని. టచ్‌లైన్ దగ్గర ఆయన నిలబడే తీరు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

సంచాలకురాలు: 2023లో ఆయన గోవాకి వెళ్లిపోయారు.

హైదరాబాద్ అభిమాని: ఆయన మీద నాకు కోపం రాలేదు. క్లబ్‌లో డబ్బు కష్టాలు మొదలయ్యాయి. మరుసటి సీజన్‌లో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, ఒక్క మ్యాచే గెలిచి ఆఖరున నిలిచాం. 2025లో క్లబ్‌నే ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు. ఇప్పుడు నేను ఎవరికి చప్పట్లు కొట్టాలి? మా హైదరాబాద్ పసుపు జెర్సీ బీరువాలో ఉంది. ఆ క్లబ్ నిజంగా ఉండేది అనడానికి నాకు మిగిలిన సాక్షి మానోలోయే. 2024లో ఆయన్ని ఇండియా జట్టుకి కోచ్ చేసినప్పుడు సొంత మనిషికి ఉద్యోగం వచ్చినట్టు సంతోషపడ్డాను. ఆ పని సాగలేదు. ఏడాదికే విడిపోయారు. మళ్లీ బాధపడ్డాను. ఇది గతాన్ని పట్టుకుని వేలాడటం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

మాస్టారు: ఒప్పుకోవద్దమ్మా. హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు. కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేశారు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. ఇండియాకి 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు. 1962 క్రీడలకి జకార్తా వెళ్లేటప్పటికే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆ స్వర్ణం మళ్లీ రాలేదు. నా చిన్నప్పుడు ఏ కోచ్ ఓడినా పెద్దవాళ్లు రహీమ్ అయితేనా అనేవారు. ఆ మాట విన్న కోచ్‌ల ముఖాలు కూడా నేను చూశాను. అందుకే ఇందాక ఆ కుర్చీ గురించి అడిగాను.

సంచాలకురాలు: మన జిల్లాల్లో కోచ్ అంటే వేరు కదండీ.

మాస్టారు: వేరే. మన పక్క కొండవెలగాడ, అటు ఆమదాలవలస దగ్గర మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట. బరువులెత్తే చోట నేర్పినవాడు ఊళ్లోనే ఉంటాడు, వీధిలో ఎదురైతే దండం పెడతాం. ఫుట్‌బాల్ మేనేజర్ జీతానికి వచ్చినవాడు, రేపు ఉండడు. మనవాళ్లు వాళ్లనీ గురువు లెక్కలోనే చూస్తారు. బియెల్సాని చూడండి. ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్‌కి మేనేజర్‌గా ఆయన తెచ్చింది రెండో డివిజన్ టైటిల్ ఒక్కటే, 2020లో. 16 ఏళ్ల తర్వాత పై లీగ్‌కి ఎక్కించాడు. 2022 ఫిబ్రవరిలో తీసేస్తే ఊరు ఏడ్చింది. గోడల మీద ఆయన బొమ్మలు ఇంకా ఉన్నాయి. ఎందుకంటే, టికెట్ కొనడానికి మామూలు మనిషి ఎంతసేపు పనిచెయ్యాలని అడిగాడట. మూడు గంటలు అన్నారు. ఆటగాళ్ల చేత మూడు గంటలు గ్రౌండ్ చుట్టూ చెత్త ఏరించాడు! 2019లో ఎదుటి జట్టు విల్లా ఆటగాడు దెబ్బతగిలి పడి ఉండగా తన జట్టు గోల్ కొడితే, వాళ్లకీ ఒక గోల్ ఇచ్చేయండని అరిచాడు. నేను పిల్లలకి ఆటతో పాటు ఆ కథ చెప్పేవాణ్ణి.

సంచాలకురాలు: ఇంత ప్రేమ ఒక్కోసారి కోపంగా మారదా?

లివర్‌పూల్ అభిమాని: మారింది కూడా. క్లాప్ ఫుట్‌బాల్ క్లబ్‌లు నడిపే రెడ్ బుల్ సంస్థలో చేరుతున్నాడని 2024 అక్టోబర్‌లో తెలియగానే, జర్మనీలో ఆయన పాత క్లబ్ మైన్జ్ అభిమానులు స్టేడియంలో బ్యానర్లు ఎత్తారు. డబ్బున్న కంపెనీ క్లబ్‌లంటే వాళ్లకి పడదు. ఆయన మైన్జ్ వదిలి అప్పటికి 16 ఏళ్లు. అయినా మా మనిషివి, ఇలా చేస్తావా అని అడిగారు. ఆ హక్కు వాళ్లకి ఉందనే నేను అనుకుంటాను.

సంచాలకురాలు: లైన్‌లో బొబ్బిలి నుంచి ఒక శ్రోత ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. క్లాప్ తర్వాత వచ్చిన మేనేజర్ స్లాట్ కప్పు తెచ్చాడు కదా. అయినా జట్టు ఓడిన ప్రతిసారీ క్లాప్ పేరు ఎత్తుతారు. పాపం అది ఆయనకి అన్యాయం కాదా?

లివర్‌పూల్ అభిమాని: అన్యాయమే అన్నా. 2025 శీతాకాలానికి ముందు లీగ్‌లో వరసగా నాలుగు ఓడాం. అప్పుడు చాలామంది క్లాప్ రావాలన్నారు. ఆ జూలైలోనే మా ఆటగాడు జోటా కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉన్న జట్టుని, ఆ జట్టు మేనేజర్‌ని అలా కొలవడం నాకు నచ్చలేదు. కానీ ఒకటి చెప్పాలి. 2024 మే 19న చివరి మ్యాచ్ అయ్యాక క్లాప్ మైకు తీసుకుని తన పేరు కాదు, స్లాట్ పేరు పాడించాడు. స్లాట్ అప్పటికి ఇంకా ఊళ్లో అడుగుపెట్టలేదు. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి లీగ్ గెలిచాక స్లాట్ మైకు తీసుకుని క్లాప్ పేరు పాడాడు. పాతాయన పాట పాడొచ్చా అని ఇవాళ మనం అడుగుతున్నాం. కొత్తాయనే పాడాడు! నేను ఆ వీడియో చూసి ఏడ్చాను.

శ్రోత: మరి క్లాప్ మళ్లీ వస్తే?

లివర్‌పూల్ అభిమాని: ఇంగ్లండ్‌లో వేరే క్లబ్‌కి వెళ్లనని మాట ఇచ్చాడు కాబట్టి, వస్తే లివర్‌పూల్‌కే అని ఆయనే ఓ ఇంటర్వ్యూలో అన్నాడు. అది విని మా గ్రూపు ఆ రాత్రి నిద్రపోలేదు. నేను మాత్రం వద్దంటాను. మా పాత మేనేజర్ డాల్‌గ్లిష్ 2011లో తిరిగొచ్చాడు. లీగ్ కప్ గెలిచినా 2012లో తీసేశారు. చెల్సీకి మొరీన్యో తిరిగొచ్చి 2015లో లీగ్ గెలిచాడు, అదే డిసెంబర్‌లో పంపేశారు. తర్వాతి మ్యాచ్‌లో జనం ఆయన పేరు పాడుతూ సొంత ఆటగాళ్లనే వెక్కిరించారు. క్లాప్‌కి అలాంటి రోజు రావడం నేను చూడలేను.

మాస్టారు: నేను ఒప్పుకోను బాబూ. జర్మనీ క్లబ్ బయర్న్‌కి హైంకెస్ మేనేజర్‌గా ఎన్నిసార్లు వెళ్లాడు? 2013లో మూడు కప్పులు గెలిచి రిటైరయ్యాడు. 2017 అక్టోబర్‌లో జట్టు గందరగోళంలో ఉంటే 72 ఏళ్ల వయసులో మళ్లీ వచ్చి లీగ్ గెలిపించి ఇంటికి పోయాడు. ఎవరి మనసూ విరగలేదు.

లివర్‌పూల్ అభిమాని: ఆయన ఆ సీజన్ వరకే అని ముందే చెప్పి వచ్చారు కదా మాస్టారూ. అలా వస్తానంటే నేనూ ఒప్పుకుంటాను.