వరుసలు కలిపేటప్పుడు తోక తెగనివ్వకండి

అందరికీ నమస్కారం. పిలిచినవాళ్లకు థ్యాంక్స్, టైమ్ తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. డేటాబేస్ టేబుల్‌లోని చాలా వరుసల్ని ఒకే వరుసగా తెచ్చే క్వెరీ గురించి చెప్పమన్నారు. క్వెరీ అంటే డేటాబేస్‌ని అడగడానికి మనం రాసే ప్రశ్న.

ఒక ఆర్డర్‌లో ఐదు వస్తువులుంటే టేబుల్‌లో ఐదు వరుసలుంటాయి, ఉండాల్సిందీ అలాగే. కానీ చూసేవాళ్లకి ఆర్డర్‌కి ఒక్క లైనే కావాలి, పేర్లన్నీ కామాలతో పక్కపక్కనే. ఆర్డర్ నంబర్ మీద గ్రూప్ బై పెట్టి, అంటే ఒకే నంబరున్న వరుసల్ని ఒక గుంపు చేసి, పేర్లు కలిపే ఫంక్షన్ వాడతాం: మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అయితే గ్రూప్ కాన్‌క్యాట్, పోస్ట్‌గ్రెస్‌లో స్ట్రింగ్ ఆగ్, ఒరాకిల్‌లో లిస్ట్ ఆగ్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి స్ట్రింగ్ ఆగ్ 2017 వెర్షన్‌లో గానీ రాలేదు, అంతకుముందు ఫర్ ఎక్స్‌ఎంఎల్ పాత్ అనే అడ్డదారితో ఎన్ని తిప్పలు పడ్డామో పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

సరే, ఇదంతా మీరు చదువుకోగలరు. ఇన్నేళ్లుగా నన్ను తొలిచేస్తున్న సంగతి ఒకటుంది, అది చెప్పనివ్వండి.

నేను పనిచేసిన ఒకచోట ప్యాకింగ్ లిస్ట్ క్వెరీ నాదే. పెద్ద ఆర్డర్లలో చివరి వస్తువులు డబ్బాలోకి వెళ్లడం లేదని కంప్లైంట్లు వచ్చాయి. అందరూ ప్యాకింగ్ చేసే మనిషిని తిట్టారు, నేనూ అతన్నే అనుమానించాను. అతను మాట్లాడకుండా కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. చివర్న "మూడు మీటర్ల కేబు" అని ఉంది. అంతే, ఆ తర్వాత ఖాళీ.

మేం వాడింది మై ఎస్‌క్యూఎల్. అందులో కలిపిన లైను ఎంత పొడవుండొచ్చో చెప్పే గ్రూప్ కాన్‌క్యాట్ మాక్స్ లెన్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 1024 బైట్లు. దాటితే క్వెరీ ఆగదు, మిగతాది కోసేసి ఒక వార్నింగ్ ఇస్తుంది, ఆ వార్నింగ్‌ని మా ప్రోగ్రామ్ చదవనే లేదు. పైగా మా వస్తువుల పేర్లు తెలుగులో. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 'క'కి 3 బైట్లు, దానికి గుడి పెడితే ఇంకో 3, అంటే 'కి' ఒక్కటే 6 బైట్లు తింటుంది! ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేసి బాగుందనుకున్నాను.

ఒరాకిల్ లిస్ట్ ఆగ్ మామూలుగా వాడితే, పరిమితి దాటగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. విసుక్కుంటాం గానీ నాకు అదే మేలు, కనీసం తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

అందుకే అడుగుతున్నాను, బతిమాలుతున్నాననుకోండి, మై ఎస్‌క్యూఎల్‌లో సెషన్ మొదట్లోనే, అంటే సర్వర్‌కి కనెక్ట్ అవగానే, ఆ మాక్స్ లెన్ పరిమితి పెంచండి. పక్కన కౌంట్ కూడా వేయండి, కాగితం మీద ఎన్ని ఉండాలో కనబడుతుంది. వరుస క్రమం ముఖ్యమైతే, క్రమం చెప్పే ఆర్డర్ బై అనే మాటని గ్రూప్ కాన్‌క్యాట్ లోపలే రాయండి. నల్ విలువల్ని, అంటే ఏమీ నింపని గడుల్ని, అది వదిలేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఇప్పుడే తెరిచి మీ సర్వర్‌లో ఆ పరిమితి అంకె ఎంతుందో చూడండి. నేను ఆగుతాను.