ఇరవై ఇంచీలు సరే, మధ్యలో బెజ్జం ఎంత? ఎస్‌యూవీకి అలాయ్ వీల్స్ ఎంచుకోవడం

[దృశ్యం: రావులపాలెం దాటాక హైవే. కెమెరా కారు లోపల. స్పీడోమీటర్ ముల్లు 85 దగ్గర. స్టీరింగ్ సన్నగా వణుకుతోంది.]

ఈ వణుకు చూశారా? రోడ్డు బాగానే ఉంది. టైర్లు కొత్తవి. ఈ బండి మా బావది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాడు. ఒక షాపులో టైర్లలోనే తేడా ఉందన్నారు, ఇంకో షాపులో సస్పెన్షన్ విప్పి చూద్దామన్నారు. డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు.

బావకి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. బండి ఫోర్డ్ ఎండీవర్. 2021లో ఆ కంపెనీ మన దేశంలో కార్ల అమ్మకానికి సెలవు చెప్పేసింది కదా, అప్పట్నుంచి దీనికి ఏం కావాలన్నా వెతుక్కోవాలి. సంక్రాంతి ముందు ఒకచోట సెకండ్ హ్యాండ్‌లో 20 ఇంచీల సెట్ దొరికింది. ఫార్చ్యూనర్‌కని చేసిన బయటి కంపెనీ అలాయ్‌లు. "ఆరు స్టడ్లు, ఆరు బెజ్జాలు. చక్కగా కూర్చున్నాయిరా, ఇంకేం చూడాలి?" అన్నాడు.

చూడాల్సింది చాలా ఉందండి. ఈ వీడియో అంతా అదే.

[దృశ్యం: చెరువు గట్టు మీద జాకీ ఎక్కించిన బండి. చక్రం విప్పి కింద పెడతారు. కెమెరా హబ్బు దగ్గరికి వెళ్తుంది.]

రిమ్ముల షాపుకి వెళ్ళగానే మనం అడిగేది ఒకటే, ఎన్ని ఇంచీలు అని. నన్నడిగితే ఆ ప్రశ్న చివర్లో అడగాలి. చక్రం బండిని పట్టుకునేది ఇక్కడ, ఈ హబ్బు దగ్గర, అంటే చక్రాన్ని తగిలించే ఈ తిరిగే ముక్క దగ్గర. కాబట్టి లెక్క మధ్యలో మొదలుపెట్టి బయటికి రావాలి.

మొదటిది పీసీడీ. హబ్బు మీద నట్లు బిగించే ఈ మరల కడ్డీలే స్టడ్లు. వాటి మధ్యబిందువులన్నిటినీ కలుపుతూ ఒక వృత్తం గీస్తే, దాని వ్యాసం. ఎండీవర్‌కి ఆరు స్టడ్లు, 139.7 మిల్లీమీటర్లు. ఫార్చ్యూనర్‌కీ అంతే. వింతగా ఉంది కదా ఆ పాయింట్ ఏడు? ఏం లేదు, అది సరిగ్గా అయిదున్నర అంగుళాలు. క్రెటా, బ్రెజా, ఇన్నోవా క్రిస్టా అయిదు స్టడ్లు, 114.3. అది నాలుగున్నర అంగుళాలు. జిమ్నీ అయిదు స్టడ్లే గానీ వృత్తం మాత్రం 139.7. టైగన్, కుషాక్‌లకి 100. జీప్ కంపాస్‌కి 110.

ఆరు స్టడ్లుంటే ఎదురెదురు వాటి మధ్య టేపు పెట్టి కొలవచ్చు. అయిదుంటే ఎదురుగా స్టడ్డు ఉండదు. పక్కపక్క రెండిటి మధ్య దూరం కొలిచి 1.701తో గుణించాలి. ఇక్కడే ఒక చిక్కుంది. 112 పీసీడీ రిమ్ములూ ఉంటాయి. ఆ వృత్తానికి ఈ దూరం 65.8 వస్తుంది, 114.3కి 67.2. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. టేపుకి అది ఆనదు. నట్టు బలవంతంగా బిగిస్తే తప్పు రిమ్ము ఎక్కేస్తుంది కూడా. కానీ స్టడ్డు పక్కకి వంగి ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది. "కొంచెం టైటుగా ఉందండి, కూర్చుంటుంది" అని ఎవరైనా అంటే మీ రిమ్ము మీరు తీసుకుని వచ్చేయండి.

[దృశ్యం: వెర్నియర్‌తో రిమ్ము మధ్య బెజ్జం కొలుస్తున్న చేతులు. తెరపై: 106.1. తర్వాత హబ్బు ముక్కు. తెరపై: 93.1.]

ఇదిగో దొంగ దొరికాడు.

రిమ్ము మధ్యలో ఉన్న ఈ పెద్ద బెజ్జాన్ని సెంటర్ బోర్ అంటారు. హబ్బు ముక్కు ఇందులో బిగువుగా దూరితే చక్రం సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. ఫార్చ్యూనర్‌కిది 106.1. ఎండీవర్ హబ్బు 93.1. అంటే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ. ఇప్పుడు చక్రాన్ని మధ్యలో నిలబెట్టే పనంతా నట్ల మీద పడింది. బిగించేటప్పుడు చక్రం వెంట్రుకవాసి కిందికి జారినా, తిరిగేటప్పుడు అది మధ్య తప్పి తిరుగుతుంది. ఊళ్ళో నలభైలో తెలియదు. హైవే ఎక్కి ఎనభై దాటితే చేతికి తెలుస్తుంది.

మరి బ్యాలెన్సింగ్‌లో ఎందుకు దొరకలేదు? మిషన్ మీద చక్రాన్ని శంకువుతో మధ్యకి పట్టిస్తారు. అక్కడ అది బుద్ధిగా తిరుగుతుంది. తప్పు చక్రంలో లేదు, చక్రానికీ బండికీ మధ్య ఉంది.

దీనికి మందు హబ్ రింగు. బయట 106.1, లోపల 93.1. మా బావ తణుకులో ఒక లేతు షాపులో అల్యూమినియంతో నాలుగు తీయించాడు. వేశాక వణుకు చాలావరకు పోయింది. ప్లాస్టిక్ రింగులూ దొరుకుతాయి, వాడేవాళ్ళున్నారు. ఘాట్ దిగుతూ బ్రేకులు వేడెక్కే బండికి నేనైతే అల్యూమినియమే వేస్తాను.

దీన్ని తిరగేసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఎండీవర్ రిమ్ము ఫార్చ్యూనర్‌కి అసలు ఎక్కనే ఎక్కదు, బెజ్జం చిన్నది. పెద్ద బెజ్జానికి రింగు వేయొచ్చు. చిన్నదాన్ని కోసి పెద్దది చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

[దృశ్యం: వర్షం వెలిసిన కాలవ గట్టు రోడ్డు. బండి పక్క నుంచి. ముందు తలుపు మీద అద్దం దాకా నల్లరేగడి బురద.]

వణుకు పోయిందని బావ సంతోషపడ్డాడు, వానలు మొదలయ్యేదాకా. చెరువుల నుంచి ఇంటికొచ్చేసరికి బండి బురదలో పొర్లిన గేదెలా ఉండేది. కంపెనీ చక్రాలున్నప్పుడు ఇంత లేదు. ఎందుకంటే ఆఫ్‌సెట్.

రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యగీత గీయండి. హబ్బుకి ఆనుకునే ముఖం ఆ గీత కంటే ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో అదే ఆఫ్‌సెట్. రిమ్ము మీద ఈటీ అని రాసుంటుంది. అంకె పెద్దదైతే చక్రం లోపలికి, చిన్నదైతే బయటికి.

బావ బండికి కంపెనీ ఇచ్చింది 18 ఇంచీల రిమ్ము, వెడల్పు 8, ఈటీ 55. కొన్నది వెడల్పు 9, ఈటీ 15. లెక్క వేద్దాం. ఎనిమిది అంగుళాల్లో సగం 101.6 మిల్లీమీటర్లు, అందులో 55 తీసేస్తే 46.6. హబ్బు ముఖం నుంచి రిమ్ము అంత బయటికి ఉండేది. ఇప్పుడు తొమ్మిదిలో సగం 114.3, అందులో 15 తీస్తే 99.3. చక్రం 52.7 మిల్లీమీటర్లు బయటికొచ్చేసింది. రెండు అంగుళాల పైమాటే! మడ్‌గార్డు గొడుగు కిందనుంచి టైరు బయటికొచ్చి నిలబడితే బురద తలుపుకి కాక ఎటు పోతుంది?

బురద కడుక్కోవచ్చు. బేరింగు సంగతి అలా కాదు. బరువు హబ్బుకి దూరంగా జరిగేకొద్దీ బేరింగు మీద మెలి పెరుగుతుంది. నీళ్ళ బిందెని నడుముకి ఆనించి మొయ్యడానికీ, చెయ్యి చాపి మొయ్యడానికీ ఉన్న తేడా. స్టీరింగ్ కూడా గుంతల్లో చేతిని లాగుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కేటప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు బంపరు మూల టైరుకి రాసుకునేది. కంపెనీ అంకెకి అటూ ఇటూ ఓ పది మిల్లీమీటర్లలో ఉంటే మీకు టెన్షన్ ఉండదు. ఆపైన ప్రతి మిల్లీమీటరుకీ ఇలాగే కాగితం మీద లెక్క వేసుకోవాలి. హబ్బుకీ రిమ్ముకీ మధ్య స్పేసర్లనే బిళ్ళలు పెట్టినా జరిగేది ఇదే, కాకపోతే విడిగా కొనుక్కుని మరీ తెచ్చుకున్నట్టు.

లోపలి వైపు మాట మరవకండి. వెడల్పు పెంచి ఈటీ తగ్గించకపోతే చక్రం లోపల సస్పెన్షన్‌కి తగలొచ్చు. బ్రేకు డిస్కుని నొక్కిపట్టే క్యాలిపర్‌కి, రిమ్ము చువ్వలకి మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చేత్తో తిప్పి చూడాలి.

[దృశ్యం: రెండు టైర్లు పక్కపక్కన. ఒకదాని పక్కగోడ లావు, ఇంకోదానిది సన్నం.]

ఇప్పుడు అడగండి, ఎన్ని ఇంచీలని. రిమ్ము పెరిగితే టైరు గోడ తగ్గాలి, మొత్తం ఎత్తు మారకూడదు. 265/60 ఆర్18 అంటే టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు, గోడ అందులో 60 శాతం, రిమ్ము 18 ఇంచీలు. దాని మొత్తం ఎత్తు 775 మిల్లీమీటర్లు. 265/50 ఆర్20 ఎత్తు 773. ఈ లెక్క బావ సరిగ్గానే చేశాడు, స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు. కానీ గోడ 159 నుంచి 132కి పడిపోయింది. వేలెడు రబ్బరు పోయిందన్నమాట. మన దగ్గర వానాకాలంలో గుంత నీళ్ళలో మునిగి ఉంటుంది, రొయ్యల లారీ వెనకాల వెళ్తుంటే అసలు కనపడదు. లంకల్లో, చెరువుల మీద తిరిగే బండికి 20 ఇంచీలు నేను చెప్పను. 17 గానీ 18 గానీ చాలు. అందం తగ్గుతుందంటారా, తగ్గనివ్వండి.

రిమ్ము వెనక బరువు అంకె కూడా పోసి ఉంటుంది, ఒక్కో చక్రం ఎంత మోస్తుందో కిలోల్లో. బండి మీద అంటించిన ప్లేటులో వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు చూసి రెండుతో భాగించండి. రిమ్ము అంకె దానికంటే ఎక్కువ ఉండాలి. టైరుకీ అంతే. టైరు మీద రాసుండే బరువు కోడ్‌ని లోడ్ ఇండెక్స్ అంటారు. 96 అంటే 710 కిలోలు, 112 అంటే 1120. ఐఎస్ఐ గుర్తు లేని రిమ్ము ఎంత చవకైనా వద్దు.

నట్లు వేరే కథ. బయటి అలాయ్‌లకి ఎక్కువగా శంకువు ఆకారం నట్లు కావాలి. టయోటా కంపెనీ అలాయ్‌లు చాలావాటికి వాషరుతో ఉండే చదును నట్లు. హోండాలకి గుండ్రం. కంపాస్, టైగన్, కుషాక్‌లకి నట్లే ఉండవు, బోల్టులు. రిమ్ములో నట్టు కూర్చునే గాడి, నట్టు ఆకారం కలవకపోతే ఎంత బిగించినా వదులవుతుంది. అలాగే స్టెప్నీకి ఏ నట్లు పడతాయో ముందే చూసుకుని, అవసరమైతే పాత నట్లు డిక్కీలో ఉంచండి. అర్ధరాత్రి చించినాడ బ్రిడ్జి మీద తెలుసుకునే విషయం కాదది.

బిగింపు టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో, మాన్యువల్‌లో ఉన్న అంకెకి. రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్ళేంత దూరం తిరిగాక మళ్ళీ ఒకసారి చూడాలి. ఇన్సూరెన్సు వాళ్ళకి మార్పు రాసి చెప్పండి, లేకపోతే క్లెయిము రోజున వాళ్ళే చెప్తారు.

ఉప్పుగాలి గురించి ఒక్కమాట. అంతర్వేది వైపు, కాకినాడ వైపు ఉండేవాళ్ళు తళతళా మెరిసే డైమండ్ కట్ రిమ్ములు తీసుకోకండి. పైన పూత రాయి తగిలి ఎక్కడైనా చిట్లితే లోపలికి ఉప్పు చేరి తెల్లటి చారలు పాకుతాయి. మామూలు పెయింటు రిమ్ము నయం. చెరువు నీళ్ళు తగిలిన రోజే మంచినీళ్ళతో కడగండి.

[దృశ్యం: పెంకుటింటి సావిడి. మేత బస్తాల పక్కన గోనెపట్టా కప్పిన నాలుగు రిమ్ములు. వాకిట్లో బండి, పాత 18 ఇంచీల చక్రాలతో.]

బావ మళ్ళీ కంపెనీ చక్రాలకే వచ్చేశాడు. 20 ఇంచీల సెట్ ఇదిగో, అమ్మకానికి ఉంది. ఫార్చ్యూనర్‌కి మధ్య బెజ్జం సరిగ్గా సరిపోతుంది గానీ, దాని కంపెనీ రిమ్ము ఏడున్నర వెడల్పు, ఈటీ 30. ఆ లెక్కన ఇవి దానికి కూడా 34 మిల్లీమీటర్లు బయటికొస్తాయి. మొన్న పాలకొల్లు నుంచి ఒకాయన వచ్చి చూశాడు. బావ టేపు తీసి ఆ 34 చూపించాడు. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.