లైప్‌జిగ్ గుడిలో పాటగాళ్ళకు ఎంత చోటు ఇచ్చారో చూడండి | మా పెద్దమ్మ అడిగిన వీడియో

అందరికీ వందనాలు! ఈ వీడియో గుంటూరులో ఉన్న మా పెద్దమ్మ కోసం. ఫోన్ చేసినప్పుడల్లా "మనం లూథరన్లం కదే, లూథర్ గారి దేశంలో గుడి ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించవే" అంటోంది. లూథర్ గారంటే మన లూథరన్ సంఘాలకు మూలపురుషుడు, ఆయన దేశం జర్మనీ. పెద్దమ్మా, ఈ తెల్ల గోడలు, నిటారుగా లేచిన పైకప్పు ఉన్నదే ఇక్కడి లైప్‌జిగ్ నగరంలోని సెయింట్ థామస్ చర్చి. 1539లో పెంతెకొస్తు పండగనాడు లూథర్ ఇక్కడే ప్రసంగించారు. పాడేటప్పుడు లోపల వీడియో తీయనివ్వరు కాబట్టి బయట నిలబడి చెబుతున్నాను.

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఇక్కడ మోటెట్ అనే ఆరాధన ఉంటుంది. వాక్యం, ప్రార్థన ఉంటాయి గానీ ఎక్కువ సమయం పాటలకే. రెండు మూడు యూరోలు పెట్టి కార్యక్రమం కాగితం కొనుక్కుంటే అదే టికెట్. యూరో వంద రూపాయలు అనుకోండి, మూడొందల లోపే. పాడేది థామస్ క్వయర్, అంటే ఈ గుడి పాటల బృందం. 1212 నుంచి ఉన్న క్వయర్ అది! 9 నుంచి 18 ఏళ్ళ మగపిల్లలు హాస్టల్లో ఉండి, చదువుకుంటూ, రోజూ సాధన చేస్తారు. మనం బలిపీఠం వైపు కూర్చుంటాం, వాళ్ళు వెనక పైన మేడ మీద ఆర్గన్ దగ్గర ఉంటారు. ముఖాలు కనిపించవు. ఆ గొంతులు తల మీదుగా వెళ్ళి రాతి స్తంభాలకు తగిలి వెనక్కి వస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఈ క్వయర్ ఖర్చు నగరపాలక సంస్థ భరిస్తుంది. మిగతా చర్చిల సంగతి అడుగుతారేమో. సంగీతం చూసుకునే ఆయన్ని ఇక్కడ కాంటర్ అంటారు. చర్చి సంగీతంలోనే డిగ్రీలున్నాయి. అది చదివి వచ్చినవాళ్ళకు చర్చి నెల జీతం ఇస్తుంది. డబ్బెక్కడిది అంటే, ఇక్కడ మన పేరు ఊళ్ళో నమోదు చేయించుకునేటప్పుడు మతం కూడా అడుగుతారు. ప్రొటెస్టెంటో కాథలిక్కో అని రాస్తే జీతంలోంచే చర్చి పన్ను పోతుంది. ఈ రాష్ట్రంలో అది ఆదాయపు పన్ను మీద 9 శాతం. నెలకు 600 యూరోల ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు ఇంకో 54 యూరోలు, అంటే మన 5,400 రూపాయలు. మొదటి నెల పేస్లిప్ చూసి మా ఆయన గుండె పట్టుకున్నారు! ఇప్పుడు ఆ పాటలు వింటుంటే నాకు ఆ డబ్బు మీద బాధ లేదు.

జీతం ఉన్నంత మాత్రాన అన్నీ సాఫీగా జరిగాయని కాదు. బాఖ్ అనే గొప్ప సంగీతకర్త 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ఇక్కడే కాంటర్. 1730లో ఆయన నగర కౌన్సిల్‌కు ఒక లేఖ రాశారు. తన దగ్గరున్న పిల్లల్లో 17 మంది పనికొస్తారు, 20 మందికి ఇంకా సాధన కావాలి, 17 మంది అసలు పనికిరారు, వాయిద్యకారులు చాలడం లేదు అని లెక్క రాసిచ్చారు. ఆ ఏడాదే ఒక స్నేహితుడికి రాస్తూ, ఊళ్ళో గాలి బాగుండి జనం ఆరోగ్యంగా ఉంటే అంత్యక్రియల పాటల రాబడి తగ్గిపోతోందన్నారు. బాఖ్ అంతటివాడికే ఈ టెన్షన్! చదివినప్పుడు నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడు మా సంఘంలో పదో తరగతి నుంచి తబలా వాయిస్తున్నాడు. మన పాత కీర్తనలకు రాగం, తాళం కట్టి ఉంటాయి కదా, ఆదితాళంలో వాడు మొదటి దరువు వేస్తే ముసలివాళ్ళు కూడా కళ్ళు తెరుస్తారు. ఒక క్రిస్మస్ ముందు కుడి తబలా తోలు చిరిగింది. మార్పించడానికి రెండు వేల పైనే అయింది, వాడే పెట్టుకున్నాడు. సీరియల్ లైట్లకు, మైకు సెట్టుకు చందాలు వచ్చాయి గానీ తబలా సంగతి ఎవరికీ తట్టలేదు. ఆరాధన అయ్యాక వాయిద్యాలు సర్ది వచ్చేసరికి ప్రేమవిందులో వాడికి మిగిలేది సాంబారన్నమే. దేవుని సేవ ఉచితంగా చేయాలంటారు, నిజమే. మరి పెయింటరుకు, ఎలక్ట్రీషియన్‌కు కూలీ ఇస్తాం కదా?

అన్నట్టు, ఇటు రండి, ఈ బేకరీలో లైప్‌జిగ్ లార్క్ దొరుకుతుంది. పూర్వం ఇక్కడ లార్క్ పిట్టల్ని వేటాడి తినేవాళ్ళట. 1876లో ఆ వేట నిషేధించాక, పిట్టకు బదులు బాదం ముద్ద పెట్టి ఈ తీపి చేశారు. ఒక్కటి 300 రూపాయలు! పెద్దమ్మా, నీ కజ్జికాయ ముందు ఇది నిలవదు.

సరే, మళ్ళీ గుడికి. ఆ రంగు అద్దాల కిటికీల్లో ఒకటి 2009లో పెట్టారు. 1989లో అప్పటి తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం మీద ఇక్కడ జనం శాంతియుతంగా చేసిన తిరుగుబాటుకు గుర్తుగా డేవిడ్ ష్నెల్ అనే ఈ ఊరి చిత్రకారుడు చేశారు. ఇప్పటి చిత్రకారుడికి ఇంత పాత గుడిలో ఒక కిటికీ ఇచ్చారు. మన దగ్గర బొమ్మలు వేసే పిల్లల్ని డిసెంబరులో బెత్లెహేము తెర గీయడానికే పిలుస్తాం, జనవరిలో ఆ తెర ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఎంత బాగున్నా ఆ పాటలు నావి కావు. ఆరాధన అయ్యి ట్రామ్ ఎక్కాక మన తెలుగు కీర్తన నోట్లో తిరుగుతుంటే గట్టిగా పాడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం నెలకోసారి ఎవరో ఒకరి ఫ్లాట్‌లో కూడుకునేవాళ్ళం. ఆదివారం అపార్ట్‌మెంట్లలో చప్పుడు చేయకూడదు, డోలక్ మీద తువ్వాలు కప్పి వాయించాం. ఈమధ్య మా వీధి చర్చి వాళ్ళు తమ హాలు తాళం చెవి ఇచ్చారు. హీటింగ్ ఖర్చుకు 40 యూరోలు ఇస్తున్నాం, 4,000 రూపాయలు. మొదటి రోజు అక్కడి కాంటర్ గారు వచ్చి చివరిదాకా కూర్చుని విన్నారు. ఆ తాళం లెక్క ఎలాగో నేర్పమని డోలక్ వాయించే అబ్బాయి పక్కన చేరారు.

పెద్దమ్మా, నువ్వు సంఘ కమిటీలో ఉన్నావు. వచ్చే మీటింగులో నా మాటగా చెప్పు. వాయిద్యాల రిపేరుకు ఏడాదికి కొంత డబ్బు రాసి పెట్టండి, శనివారం సాయంత్రం గుడి తాళం పిల్లలకిచ్చి సాధన చేయనివ్వండి. మొదటి ఐదు వేలు ఈ నెలాఖరుకు నేనే పంపిస్తాను.